ఒక్కో కన్ను మూసి చూడండి

(నల్లగొండ జిల్లా దేవరకొండ ప్రాంతంలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తల్లిదండ్రుల సమావేశం జరిగింది. బడి పిల్లల కంటి పరీక్షల ఉద్యోగంలో పదవీ విరమణ చేసిన వక్త అందులో మాట్లాడారు. ఆ రోజు రాలేకపోయిన వారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం ఇది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడిన అమ్మలు ముందుకు రండి, ఇక్కడ చాపలు ఖాళీగానే ఉన్నాయి. పత్తి ఏరే రోజుల్లో ఒక పూట కూలి వదులుకుని వచ్చారు. ఆ పూట విలువ ఎంతో నాకు తెలుసు. అందుకే నేరుగా పనిలోకి దిగుతాను.

ముందు మీరందరూ ఒకటి చేయాలి. ఎదురుగా గోడ మీద పిల్లలు రాసిన అక్షరాలున్నాయి కదా, అవి చూడండి. చదువు రాని వారు పక్కనే ఉన్న గాంధీ గారి బొమ్మ చూడండి. ఇప్పుడు ఎడమ అరచేయి ఎడమ కంటి మీద పెట్టండి. నొక్కవద్దు, ఊరికే కప్పండి. కనపడుతోందా? సరే, చేయి మార్చండి. కుడి కన్ను మూయండి. ఇప్పుడు ఎలా ఉంది? ముందు ఎంత కనపడిందో అంతే కనపడుతోందా? అదిగో, స్తంభం దగ్గర ఉన్న పెద్దాయన మూడుసార్లు చేతులు మార్చారు. అన్నా, కంగారు పడకండి, సమావేశం అయ్యాక ఒకసారి నా దగ్గరికి రండి. చూశారా అమ్మా? ఇంత వయసు వచ్చాక, ఇవాళ ఈ చాప మీద కూర్చున్నాక తెలిసింది, రెండు కళ్లలో ఒకటి తక్కువ చూస్తోందని. పెద్దవారి సంగతే ఇలా ఉంటే, ఐదేళ్ల పిల్లవాడికి ఎలా తెలుస్తుంది?

ముప్ఫై ఏళ్లకు పైగా నా పని ఇదే. పాత నల్లగొండ, పాత మహబూబ్‌నగర్ జిల్లాల బడుల్లో పిల్లలను వరుసలో నిలబెట్టి చార్టు చదివించడం. అన్నేళ్లలో నేను నేర్చుకున్నది ఒకటే. పిల్లవాడు చెప్పడు. కన్ను కనపడటం లేదని పిల్లవాడు చెప్పడు. దాచాలని కాదు, వాడికి తెలియదు. కడుపు నొప్పి చెబుతాడు, పన్ను నొప్పి చెబుతాడు, ఎందుకంటే నిన్న లేని నొప్పి ఇవాళ వచ్చింది. చూపు తక్కువైతే నొప్పి ఉండదు. పుట్టినప్పటి నుంచి లోకం మసకగానే ఉంటే, లోకమంటేనే మసక అనుకుంటాడు. చెట్టుకు విడివిడిగా ఆకులుంటాయని అద్దాలు పెట్టుకున్న రోజు తెలుసుకున్న పిల్లలను నేను చూశాను. బడి బయటికి వచ్చి వేపచెట్టు కింద నిలబడి, తల ఎత్తి అలాగే చూస్తూ ఉండిపోతారు.

ఒక పిల్లవాడి సంగతి చెబుతాను. ఊరి పేరు వద్దు. ఆరో తరగతి. కుడి కంటితో చార్టు చివరి వరుస దాకా గడగడా చదివాడు. ఎడమ కంటికి మాత్రం పైన ఉన్న పెద్ద అక్షరం ఒక్కటే కనపడింది. 6/60 అంటాం దాన్ని. మంచి కన్ను 60 మీటర్ల దూరం నుంచి చూసేదాన్ని చూడాలంటే ఈ కన్ను 6 మీటర్ల దగ్గరికి రావాలి. 60 మీటర్లంటే ఈ వరండా నుంచి గేటు దాటి రోడ్డు దాకా అనుకోండి. వాళ్ల నాన్నను పిలిపించాం. "ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదురా?" అని అడిగాడు ఆయన. పిల్లవాడు ఏమన్నాడో తెలుసా? "ఒక కన్ను చూడటానికి, ఇంకోటి తోడుకు అనుకున్నాను నాన్నా" అన్నాడు.

ఇంకొకటి కూడా చెప్పాలి. అది చెప్పకపోతే ఈ మాటలకు అర్థం లేదు. మూడేళ్ల కిందట అదే బడిలో అదే పిల్లవాడిని పరీక్ష చేసింది నేనే. రిజిస్టరు తీసి చూశాను. వాడి పేరు ఎదురుగా 'రెండు కళ్లూ సరి' అని ఉంది, నా చేతిరాతే. ఎలా జరిగింది? ఆ రోజు మూడు వందల మంది పిల్లలు, నేను ఒక్కడినే. సాయంత్రం బస్సు దొరకదన్న తొందర. వాడు కన్ను మూసుకున్నది వేళ్లతో. వేళ్ల సందుల్లోంచి మంచి కన్ను చూస్తూనే ఉంటుంది. పైగా వరుసలో ముందున్న పదిమంది చదివిన అక్షరాలు చెవిన పడ్డాయి, కంఠస్థం వచ్చేశాయి. వాడు మోసం చేయలేదు. బడిలో ప్రశ్న అడిగితే సరైన జవాబు చెప్పాలని మనమే నేర్పాం, వాడు చెప్పాడు. తప్పు నాది. అప్పుడు వాడికి ఎనిమిదేళ్లు. అప్పుడే పట్టుకుని ఉంటే ఆ కన్ను చాలా వరకు తేరుకునేదేమో. పదకొండేళ్లకు మొదలుపెడితే అద్దాలతో, కంటి పట్టీతో 6/36 దాకా వచ్చి ఆగిపోయింది.

ఎందుకు ఆగిపోయింది? మీ పొలం మాటల్లోనే చెబుతాను. డిండి ప్రాజెక్టు కాలువ నీళ్లు తెలిసిన వారు మీరు. ఒక మడికి రెండు పిల్ల కాలువలు ఉన్నాయనుకోండి. ఒకదాంట్లో నీళ్లు బాగా పారుతున్నాయి, రెండోదాంట్లో పారడం లేదు. రెండు మూడు పంటలు అలా గడిస్తే ఆ కాలువ ఏమవుతుంది? గడ్డి మొలుస్తుంది, పూడిపోతుంది. ఆ తర్వాత తూము ఎత్తినా నీరు మడికి చేరదు. కంటికీ మెదడుకూ మధ్య దారి అలాంటిదే. ఒక కంటికి నంబరు ఎక్కువ ఉన్నా, మెల్ల ఉన్నా, పుట్టుకతో శుక్లం ఉన్నా ఆ కంటి నుంచి మెదడుకు మసక బొమ్మే వెళుతుంది. మెదడు దాన్ని పక్కన పెట్టి, రెండో కంటి బొమ్మనే తీసుకోవడం అలవాటు చేసుకుంటుంది. దీన్నే సోమరి కన్ను అంటారు. నాకు ఆ పేరు నచ్చదు. సోమరితనం కంటిది కాదు, దారి తెగిపోయింది, అంతే. మెదడు చూడటం నేర్చుకునే వయసు ముఖ్యంగా ఏడెనిమిదేళ్ల దాకానే. ఆ లోపు పూడిక తీస్తే నీరు పారుతుంది. ఆ తర్వాత కూడా ప్రయత్నం చేయాలి, పన్నెండేళ్ల పిల్లలకూ కొంత ఫలితం వస్తుంది, మానేయమని నేను అనను. కానీ ఆలస్యమైన కొద్దీ దక్కేది తగ్గిపోతుంది.

మన జిల్లా వారికి ఈ మాట వేరే చెప్పాలా? మర్రిగూడ, నాంపల్లి వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి కాళ్లు వంకర పోయిన పిల్లలను మనం కళ్లారా చూశాం. వంగిన ఎముకను మళ్లీ మునుపటిలా చేసే మందు లేదు. ఆ తల్లిదండ్రులు చేయగలిగింది ఏమీ లేకపోయింది. కన్ను అలా కాదమ్మా. చాలామంది పిల్లలకు ఒక జత అద్దాలతో, కొన్ని నెలల పట్టీతో చూపు వస్తుంది. మందు ఉంది, డాక్టరు ఉన్నారు, ఖర్చు కూడా పెద్దగా లేదు. గడువు ఒక్కటే ఉంది. ఆ గడువు దాటిపోతుంటే మనం గమనించకపోవడం నాకు నిద్ర పట్టనివ్వదు.

టీచర్లు ఉన్నారు కాబట్టి పరీక్ష ఎలా చేయాలో వివరంగా చెబుతాను. అంగన్‌వాడీ టీచర్లు, ఆశా కార్యకర్తలు కూడా వినండి. 1862లో స్నెల్లెన్ అనే నెదర్లాండ్స్ డాక్టరు తయారు చేసిన చార్టు, ఇప్పటికీ దాన్నే వాడుతున్నాం. కరెంటు అక్కరలేదు, యంత్రం అక్కరలేదు. దూరం మాత్రం 6 మీటర్లు, అంటే ఇరవై అడుగులు కచ్చితంగా ఉండాలి. తరగతి గది చాలదు, వరండాలో పెట్టండి. నడిచి అడుగులు వేసి కొలవవద్దు, ఇరవై అడుగుల తాడు ఒకటి కోసి ఉంచుకోండి. చార్టు మీద వెలుతురు బాగా పడాలి, పిల్లవాడి ముఖం మీద ఎండ పడకూడదు. అక్షరాలు రాని చిన్నవారికి నాలుగు వైపులా తిరిగిన ఇంగ్లీషు 'E' ఆకారాల చార్టు ఉంటుంది. దాని మూడు కాళ్లు ఎటు ఉన్నాయో చేత్తో చూపించమనాలి. ముందు దగ్గర కూర్చోబెట్టుకుని ఆటలా నేర్పండి, తర్వాతే దూరం పంపండి.

కన్ను మూసేది అరచేత్తో. వేళ్లతో కాదు. ఇంకా మంచిది, ఒక అట్టముక్క పెట్టి వెనక నుంచి ఇంకొకరు పట్టుకోవడం. గట్టిగా నొక్కనివ్వకండి, నొక్కిన కన్ను తీశాక కాసేపు మసకగా ఉంటుంది, అప్పుడు బాగున్న కన్ను కూడా తప్పు చదువుతుంది. వరుసలో ఉన్నవారికి చార్టు కనపడకూడదు, వినపడకూడదు. ఒక కంటికి పై నుంచి కిందికి చదివిస్తే, రెండో కంటికి కింది నుంచి పైకి చదివించండి. పిల్లవాడు తల పక్కకు తిప్పుతున్నాడా, కళ్లు చికిలిస్తున్నాడా, ముందుకు వంగుతున్నాడా చూడండి. చార్టు వంక కాదు, పిల్లవాడి వంక చూడండి. ఏ కంటితోనైనా 6/9 వరుస చదవలేకపోతే పేరు రాసి డాక్టరు దగ్గరికి పంపండి. అనుమానంగా ఉన్నా పంపండి. అనవసరంగా పంపితే పోయేది ఒక రోజు. పంపకపోతే పోయేది ఒక కన్ను.

ఇక చార్టు వయసు రాని పిల్లలు. తల్లులూ, ఇది మీ కోసం. మూడో నెల వచ్చేసరికి బిడ్డ మీ ముఖం చూసి నవ్వాలి, మీరు కదిలితే చూపు మీ వెంట రావాలి. నాలుగు నెలలు దాటాక కూడా కన్ను ఒక పక్కకు పోతుంటే అది మెల్ల. మెల్లకన్ను అదృష్టం అంటారు మన ఊళ్లలో. ఎవరికి అదృష్టం? ఆ మాట విని పదేళ్లు ఆగిన తల్లులను చూశాను. ఆ అదృష్టం కోసం ఒక కన్ను చూపునే ఇచ్చేశారు. మెల్లకు వైద్యం ఉంది, కొందరికి అద్దాలతోనే సరిపోతుంది, కొందరికి ఆపరేషన్ కావాలి. పెద్దయితే అదే పోతుందని ఎదురు చూడకండి.

ఇంకొకటి, ఇది చాలా తొందరది. ఫోనులో ఫ్లాష్‌తో ఫొటో తీసినప్పుడు పిల్లల కంటిపాప ఎర్రగా పడుతుంది, అది మామూలే. ఒక కన్ను ఎర్రగా, రెండోది తెల్లగా పడితే, లేదా చీకట్లో పిల్లి కన్నులా మెరిస్తే, ఆ వారంలోనే డాక్టరు దగ్గరికి వెళ్లండి. శుక్లం కావచ్చు. ఐదేళ్ల లోపు పిల్లలకు వచ్చే కంటి క్యాన్సర్ కూడా కావచ్చు. భయపెట్టాలని చెప్పడం లేదు. దాన్ని తొందరగా పట్టుకుంటే ప్రాణం దక్కుతుంది, చాలాసార్లు కన్ను కూడా దక్కుతుంది.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలు ఈ మధ్య బతుకుతున్నారు. సంతోషం. జిల్లా ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో ఉంచి కాపాడుతున్నారు. కానీ 34 వారాల లోపు పుట్టినా, రెండు కిలోల కన్నా తక్కువ బరువుతో పుట్టినా, ఆ బిడ్డ కంటి లోపలి రెటీనా అనే పొరను పుట్టిన 30 రోజుల లోపు ఒకసారి డాక్టరు చూడాలి. మరీ చిన్న బిడ్డకు ఇంకా ముందే. పైకి కన్ను ముత్యంలా ఉంటుంది, లోపల రక్తనాళాలు పాడవుతూ ఉండవచ్చు. కొన్ని వారాల్లోనే పూర్తిగా చూపు పోవచ్చు, తర్వాత ఎవరూ ఏమీ చేయలేరు. సమయానికి చూస్తే లేజర్‌తో ఆపవచ్చు. ఆశా అమ్మలూ, పురుడుకు వెళ్లి వచ్చిన తల్లిని మొదటి వారమే అడగండి, బరువు ఎంత, ఎన్నో నెల అని. రాసుకోండి. ముప్ఫై రోజులు లెక్క పెట్టండి.

అద్దాల సంగతికి వస్తాను. ఇక్కడ నాకు కోపం వస్తుంది, క్షమించండి. అబ్బాయికి నంబరు ఉందంటే అద్దాలు కొంటారు. అమ్మాయికి ఉందంటే, "రేపు పెళ్లి ఎలా అవుతుంది సార్" అంటారు. తొమ్మిదేళ్ల పిల్ల గురించి! ఆ పిల్ల బోర్డు కనపడక వెనకబడి, చదువు రాదనిపించుకుని, బడి మానేసి పత్తి చేనుకు పోతే ఆ పెళ్లి బాగా అవుతుందా? అద్దాలు పెట్టుకుంటే నంబరు పెరుగుతుందన్నది అబద్ధం. పిల్లలు ఎదుగుతుంటే కన్ను కూడా ఎదుగుతుంది, దాంతో నంబరు మారుతుంది, అద్దాలు పెట్టినా పెట్టకపోయినా మారుతుంది. అందుకే ఏడాదికి ఒకసారి చూపించాలి. చిన్నవారికి ఆరు నెలలకే. క్యారెట్ తింటే అద్దాలు పోతాయన్నదీ నిజం కాదు. క్యారెట్ మంచిదే, దాని పని వేరు. తాత అద్దాలు పెట్టి చూడటం అసలే వద్దు. 2018 ఆగస్టు 15న ప్రభుత్వ ఉచిత కంటి పరీక్షల కార్యక్రమం కంటి వెలుగు మొదలైనప్పటి నుంచి మన ఊళ్లలో తాతలకు, అవ్వలకు అద్దాలు వచ్చాయి, చాలా మంచి పని. అవి దగ్గర చూపుకు వాళ్ల కంటి కొలతతో ఇచ్చినవి. పిల్లల కొలత వేరు.

టీచర్లకు ఒక మనవి. అద్దాలు పెట్టుకున్న పిల్లను 'సోడాబుడ్డి' అంటారు తోటి పిల్లలు. రెండు రోజులు అంటే మూడో రోజు ఆ అద్దాలు సంచిలోంచి బయటికి రావు. నేను అద్దాలు ఇచ్చిన బడికి మూడు నెలల తర్వాత చెప్పకుండా వెళ్లి చూసేవాడిని. అద్దాలు ముక్కు మీద ఉన్న బడులు ఏవంటే, ఆ మాట వినపడిన మొదటి రోజే టీచరు ఆపిన బడులు. గురుకులాల్లో ఇంకో కష్టం. అద్దం పగిలితే పిల్ల ఎవరికి చెప్పాలి? తల్లులూ, పిల్ల ఇంటికి వచ్చినప్పుడు అద్దాలేవని మీరే అడగండి. చెప్పలేదంటే తిట్టకండి. తిడితే వచ్చేసారి దాస్తుంది. పిల్లలకు గాజు అద్దాలు వద్దు, ప్లాస్టిక్ అద్దాలు అడగండి.

పిల్లల నంబరు సరిగ్గా తేలాలంటే కంటిలో మందు వేసి చూడాలి. పెద్దల్లా యంత్రం ముందు కూర్చోబెట్టి వెంటనే రాసిచ్చే నంబరు పిల్లలకు చాలాసార్లు తప్పుతుంది. చిన్నపిల్లలకు అట్రోపిన్ ఆయింట్‌మెంట్ ఇంటి దగ్గర మూడు రోజులు వేయమంటారు. వేశాక కంటిపాప పెద్దదవుతుంది, ఎండ చూడలేరు, దగ్గరివి మసకగా కనపడతాయి. "మందు వేసి ఉన్న కన్ను పాడు చేశారు" అని మధ్యలో మానేసిన తల్లిదండ్రులు ఎందరో. పాడు కాదు, కొన్ని రోజుల్లో దానంతట అదే తగ్గుతుంది. బియ్యపు గింజంత చాలు. చేతులు కడుక్కోండి, ట్యూబు మిగతా పిల్లలకు అందకుండా పెట్టండి. ముఖం ఎర్రబడి జ్వరం వస్తే ఆపేసి డాక్టరుకు చెప్పండి.

ఇక పట్టీ. బాగా కనపడే కంటికి పట్టీ వేస్తారు, బలహీనమైన కన్ను పని చేయాలని. రోజుకు ఎన్ని గంటలో డాక్టరు చెబుతారు. పిల్ల ఏడుస్తుంది. ఎందుకు ఏడవదు? ఉన్న చూపును మూసేశారు కదా. మొదటి రెండు వారాలు తల్లికి నరకం. ఒక తల్లి ఏం చేసిందో చెబుతాను. బతుకమ్మ పండుగ రోజులు. పట్టీ వేసిన గంటల్లోనే పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని తంగేడు పూలు ఏరించింది, గునుగు పూలు కట్టలు కట్టించింది. పండుగ అయ్యాక బియ్యంలో రాళ్లు ఏరించింది. పూసలు గుచ్చించింది. కంటికి దగ్గరగా చేతిపని పెడితే ఆ కన్ను పని చేస్తుంది. ఎనిమిది నెలలు పట్టింది. ఇప్పుడు ఆ పిల్ల డిగ్రీ చదువుతోంది, రెండు కళ్లతో.

ఇళ్లలో చేయకూడనివి కొన్ని తొందరగా చెబుతాను. కాటుక పెట్టకండి, వేలి మురికి కంట్లోకి వెళుతుంది, కొన్ని కాటుకల్లో సీసం ఉంటుంది. కళ్ల కలక వచ్చినా, దెబ్బ తగిలినా చనుబాలు, ఆకు పసరు, ఆముదం పోయకండి. మందుల దుకాణంలో పాత చీటీ చూపించి చుక్కల మందు తేకండి, స్టెరాయిడ్ ఉన్న చుక్కలు నల్లగుడ్డు మీది పుండును పెంచుతాయి. వక్కాకుకు, పొగాకుకు వాడే సున్నం పొట్లాలు పిల్లలకు అందనివ్వకండి. గట్టిగా నొక్కితే చిట్లి నేరుగా కంట్లో పడుతుంది, కన్ను కాలిపోతుంది. పడితే ముందు ఆసుపత్రికి పరుగెత్తవద్దు. ముందు నీళ్లు. అక్కడికక్కడే కన్ను తెరిచి అరగంట పాటు మంచినీళ్లు ధారగా పోయండి, సున్నం ముక్కలు కడిగేయండి, ఆ తర్వాత బయలుదేరండి.

పొద్దు గూకాక పిల్లవాడు తడుముకుంటున్నాడంటే రేచీకటి. విటమిన్ ఏ తక్కువైతే వస్తుంది. తొమ్మిదో నెలలో తట్టు టీకాతో పాటు లక్ష యూనిట్ల మందు పోస్తారు, ఏడాదిన్నర వయసు నుంచి ఆరు నెలలకోసారి రెండు లక్షల యూనిట్లు, ఐదేళ్లు నిండేలోపు మొత్తం 9 సార్లు. టీకాలు అయిపోయాయని అంగన్‌వాడీకి వెళ్లడం మానేస్తే ఈ మందు తప్పుతుంది. మునగాకు, తోటకూర, బొప్పాయి మన పెరట్లోవే. మందు పోసినా రేచీకటి తగ్గకపోతే అది వంశంలో వచ్చే రెటీనా జబ్బు కావచ్చు. మేనరికం పెళ్లిళ్లు ఉన్న ఇళ్లలో అలాంటివి ఎక్కువ చూశాను. ఆ ఇంట్లో ఒక బిడ్డకు ఉంటే మిగతా పిల్లలనూ చూపించండి.

ఫోన్ల గురించి అడగాలని ఉంది మీకు, ముఖాల్లో కనపడుతోంది. ఫోను ముఖానికి దగ్గరగా పెట్టుకుని గంటలు చూస్తే మంచిది కాదు, నిజమే. అయితే లాక్కోవడం ఒక్కటే చాలదు. పిల్లలు రోజుకు రెండు గంటలు ఆరుబయట పగటి వెలుతురులో ఉంటే దూరపు చూపు తగ్గే నంబరు రావడం తగ్గుతుంది. తైవాన్ దేశంలో 2010 నుంచి బడి పిల్లలను రోజుకు 120 నిమిషాలు బయటికి పంపే కార్యక్రమమే పెట్టారు. వాళ్లు అంత కష్టపడి తెచ్చుకున్న వెలుతురు మన ఊళ్లో వాకిట్లోనే ఉంది. సార్లూ, ఆటల పీరియడ్ తీసుకుని లెక్కలు చెప్పకండి.

చివరిగా వలస వెళ్లే వారికి. పాలమూరు నుంచి, ఇటు దేవరకొండ నుంచి పిల్లలను వెంటబెట్టుకుని పూణే, బొంబాయి, ఇటుక బట్టీలకు వెళతారు. పిల్లల ఆరోగ్య పరీక్షల బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, బడికి ఒకసారి వస్తుంది. ఆ రోజు మీ బిడ్డ ఊళ్లో ఉండదు. రిజిస్టరులో 'గైరుహాజరు' అని పడుతుంది, ఏటా అదే పడుతుంది. టీచరమ్మా, ఆ గైరుహాజరు పేర్లు వేరే కాగితం మీద రాసి పెట్టండి. పండుగకు ఊరికి వస్తారు కదా, ఆ రెండు రోజుల్లో తాడు, చార్టు తీయండి. బడి పరీక్షలో నంబరు తేలిన పిల్లలకు ప్రభుత్వమే ఉచితంగా అద్దాలిస్తుంది. పెద్ద వైద్యం కావాలంటే హైదరాబాద్ మెహదీపట్నంలో సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉంది, బంజారాహిల్స్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో డబ్బు లేని వారికి ఉచితంగా చూస్తారు. మొదట జిల్లా ఆసుపత్రికి వెళ్లి చీటీ రాయించుకోండి.

నా మాటలు చాలు. వరండా ఆ చివర చార్టు కట్టాను, ఇరవై అడుగుల దగ్గర సున్నంతో గీత గీశాను. ఏడేళ్ల లోపు పిల్లలు ముందు రండి, పెద్ద తరగతుల వారు ఆగండి. చంకలో పిల్లలున్న తల్లులు నీడలో కూర్చోండి, నేనే మీ దగ్గరికి వస్తాను. ఎర్ర రిబ్బను పాపా, నువ్వు మొదట రా. ఈ అట్ట మీ అమ్మ పట్టుకుంటుంది. తొందరేమీ లేదు, ఇవాళ ఆఖరి బస్సు వెళ్లిపోయినా నేను ఉంటాను.